మీటర్ లేని బండికి కరెంటు: బోరబండలో ఒక బ్యాటరీ అద్దె వ్యాపారం

హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నరకు బోరబండ బస్టాప్ నుంచి మోతీనగర్ వైపు నడిస్తే రోడ్డు పక్కన వరసగా తోపుడు బండ్లు కనబడతాయి. టమాటా, ఉల్లిగడ్డ, అరటిపండ్లు, మిర్చి బజ్జీ, ఫోన్ కవర్లు. ప్రతి బండి మీదా ఒక బల్బు. ఆ బల్బుకు కరెంటు ఎక్కడిదా అని వెనక్కి చూస్తే ఏదో ఒక దుకాణం షట్టర్ పక్క నుంచి వైరు వచ్చి ఉంటుంది. 2019లో ఆ వైరుకు రోజుకు 40 రూపాయలు. రెండో బల్బు పెట్టుకుంటే 60.

ఒక్కసారి లెక్క చూడండి. 12 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఐదు గంటలు వెలిగితే 60 వాట్-అవర్లు, అంటే యూనిట్‌లో పదహారో వంతు. దుకాణాల కేటగిరీలో యూనిట్ పది రూపాయల చుట్టూ ఉంటుంది కాబట్టి దుకాణదారుడికి పడే ఖర్చు 60 పైసలు. బండి దగ్గర వసూలయ్యేది 40 రూపాయలు. నగరంలో కరెంటుకు ఇంత రేటు కట్టేవాళ్లు ఇంకెవరూ ఉండరేమో.

దుకాణాయనను తిట్టడానికి ఈ లెక్క రాయడం లేదు. ఆ 40లో కరెంటు ఒక్కటే లేదు. దుకాణం ముందు నిలబడనిస్తాడు, రాత్రికి బండిని షట్టర్ పక్కన పెట్టుకోనిస్తాడు, తనిఖీ వస్తే వైరు లాగేసి తానే సర్ది చెప్పుకుంటాడు. అసలు సంగతి ఏమిటంటే బండికి అడ్రసు లేదు, అడ్రసు లేకపోతే మీటర్ రాదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, దాని కింద గుర్తింపు కార్డులు, సర్టిఫికెట్లు ఇస్తారు, కానీ ఆ సర్టిఫికెట్‌తో కరెంటు కనెక్షన్ రాదు. మా సోలార్ రంగంలో 'కరెంటు లేని ఊళ్లకు సోలార్' అనే మాట బాగా అలవాటు. ఇక్కడ కరెంటు తల మీదుగానే పోతోంది. మీటర్ ఎవరి పేరు మీద ఉంటే ఆ కరెంటు వాళ్లది, అంతే.

నాకు బాలానగర్‌లో చిన్న వర్క్‌షాప్ ఉంది. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం, ఇన్వర్టర్లు రిపేరు చేయడం మా పని. ఈ కథనంలో ఉన్న ఆవిడ పేరు రాయను, ఆవిడ వద్దన్నారు. బస్తీలో అందరూ 'బ్యాటరీ అక్క' అంటారు, నేనూ అదే రాస్తాను. అప్పట్లో మాత్రం ఆమె ఆకుకూరల అక్క. బండి కూడా లేదు, గోనెసంచి పరిచి దాని మీద పాలకూర, తోటకూర, పుదీనా కట్టలు పేర్చుకునేది.

2019 అక్టోబర్ 19. ఆర్టీసీ సమ్మె నడుస్తోంది, ఆ శనివారం తెలంగాణ బంద్. సాయంత్రానికి జనం బయటికి వచ్చారు గానీ ఆమె వెనకాల దుకాణం తెరవలేదు. దుకాణం తెరవకపోతే వైరు లేదు. నేను వెళ్లేసరికి ఆమె ఫోన్ టార్చ్ వేసి, ఫోన్‌ను పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో కొత్తిమీర కట్టలు విడదీస్తోంది. ఎంత అని అడిగితే జవాబు చెప్పడానికి ఫోన్ తీసి చేతిలో పట్టుకోవాల్సి వచ్చింది, అప్పుడు వెలుగు నా మొహం మీద పడింది.

"దుకాణం బందుంటే మాకూ బందే అన్నా" అంది.

కాగితం మీద సరిపోయిన లెక్క

సోలార్‌తో బ్యాటరీలు చార్జ్ చేసి ఆమె చేత బండ్లకు రోజు అద్దెకు ఇప్పించాలనే ఆలోచన నాది కాదని ముందే చెప్పాలి. బెంగళూరులో 1995లో సెల్కో అనే సోలార్ కంపెనీ మొదలుపెట్టిన హరీశ్ హందే గురించి ఈ రంగంలో అందరికీ తెలుసు. 2011లో మెగసెసె అవార్డు వచ్చింది. వీధి వ్యాపారులకు రోజు అద్దెకు సోలార్ దీపాలు ఇచ్చే చిన్న వ్యాపారుల్ని నిలబెట్టడం ఆ సంస్థ ఎప్పటి నుంచో చేస్తున్న పని. 2008లో ఢిల్లీలోని పరిశోధన సంస్థ టెరీ మొదలుపెట్టిన 'లైటింగ్ ఎ బిలియన్ లైవ్స్' కూడా ఊళ్లలో ఆడవాళ్ల చేతికి చార్జింగ్ స్టేషన్ ఇచ్చి లాంతర్లు అద్దెకు తిప్పించింది. నేను చేసిందల్లా దాన్ని బోరబండలో పెట్టి చూడటం, మొదటిసారి పాడు చేయడం.

లెక్క ఇలా వేశాను. ఒక్కో బండికి 7 వాట్ల డీసీ బల్బులు రెండు, ఐదు గంటలు, మొత్తం 70 వాట్-అవర్లు. కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీ దొరుకుతుంది, అదే, కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండేది. 12 ఇంటూ 7, 84. 70 కావాలి, 84 ఉంది. సరిపోయింది అనుకున్నా. పదిహేను బ్యాటరీలు, 330 వాట్ల ప్యానెళ్లు రెండు, ఒక చార్జ్ కంట్రోలర్, బల్బులు, వైర్లు, అన్నీ కలిపి 48,000. అందులో 20,000 ఆమె చిట్టీ పాట పాడి తెచ్చింది, మిగతాది నేను ఉద్దెర పెట్టా.

రోజూ బ్యాటరీలతో ఉండేవాడికి ఇందులో తప్పు వెంటనే కనబడాలి. నాకు కనబడలేదు. డబ్బా మీద రాసిన 7 ఏహెచ్ అనేది ఇరవై గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. ఐదు గంటల్లో లాగేస్తే అంత రాదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి రోజూ దింపితే దాని ఆయుష్షు నెలల్లో అయిపోతుంది. నేనేమో రోజూ దాదాపు పూర్తిగా పిండమని ఇచ్చాను. ప్యానెళ్లు మాత్రం అవసరానికి రెండింతలు పెట్టా. ప్యానెల్ వైపు అంత ఉదారంగా, బ్యాటరీ వైపు అంత పిసినారిగా ఎందుకు ఉన్నానంటే నేను అమ్మేవి ప్యానెళ్లు కాబట్టి, ఇంకో కారణం లేదు.

నవంబర్‌లో మొదలుపెట్టాం. సంక్రాంతి నాటికే బల్బులు ఎనిమిదిన్నరకు మసకబారడం మొదలైంది. బండ్ల మీద అసలు గిరాకీ వచ్చే టైమ్ అదే, డ్యూటీలు దిగి జనం ఇళ్లకు పోయే టైమ్. అరటిపండ్ల ఆయన ఒక రాత్రి బ్యాటరీ తెచ్చి ఆమె గడప మీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయాడట. మర్నాడు మళ్లీ దుకాణం వైరుకు తగిలించుకున్నాడు. అదే సంక్రాంతికి మేడ మీద గాలిపటాలు ఎగరేసే పిల్లల చేతి నుంచి ఏం పడిందో ఏమో ఒక ప్యానెల్ అద్దం మొత్తం చిట్లి సాలెగూడులా అయింది. విచిత్రంగా అది ఆ తర్వాత ఏడాదికి పైగా పని చేసింది.

బోణీ

బ్యాటరీ తప్పు నాది. వసూళ్ల తప్పు కూడా నాదే, కానీ దాన్ని ఆమె రెండు వారాల్లో సరిచేసింది, ఇది రాయడానికి అసలు కారణం అదే.

సాయంత్రం ఐదున్నరకు బ్యాటరీ ఇచ్చేటప్పుడే 30 రూపాయలు తీసుకోవాలి, ముందు పైసలు తర్వాత వెలుగు, అని నేను పెట్టిన రూలు. మొదటి రోజు పదిహేను మందిలో ఇచ్చింది నలుగురు. నాకేమో వీళ్లకు ఇచ్చే ఉద్దేశం లేదనిపించింది. ఆమె నవ్వింది. "బోణీ కాకముందుకే గల్లాల చెయ్యి పెట్టి పైసలు ఎవరిస్తరు అన్నా? నేనైతే ఇయ్య." రాత్రి బ్యాటరీ వెనక్కి ఇచ్చేటప్పుడు తీసుకుందాం అంది. అప్పుడు గల్లా నిండి ఉంటుంది, చిల్లర ఉంటుంది, మనిషి కూడా చల్లబడి ఉంటాడు.

శుక్రవారం ఇంకో రకం. దీపాలు పెట్టాక ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వని వాళ్లు ఉంటారు కదా, కొందరు ఆడవాళ్లు బండి గల్లాను కూడా ఇంటి లెక్కలోనే చూస్తారు. వాళ్ల దగ్గర శుక్రవారం అడగదు, శనివారం 60 తీసుకుంటుంది. ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. నేను తయారు చేసి ఇచ్చిన రిజిస్టర్‌లో రోజువారీ గళ్లు ఉండేవి, శుక్రవారం గడి ఖాళీగా ఉంటే బాకీ అని ఎర్రగా కనబడేది. ఆమె ఆ రిజిస్టర్ పక్కన పడేసి రెండు రూపాయల నోట్‌బుక్కులో మనిషికో పేజీ పెట్టుకుంది.

డిపాజిట్ గురించి కూడా వాదించుకున్నాం. బ్యాటరీకి 500 డిపాజిట్ లేకుండా ఇస్తే పట్టుకుపోతారని నా భయం. ఆమె ఒప్పుకోలేదు. రాత్రి ఏ బండి ఏ గల్లీలో ఏ గోడకు గొలుసు వేసి ఉంటుందో ఆమెకు తెలుసు, ఎవరి పిల్ల ఏ బడికి పోతుందో తెలుసు. ఇన్నేళ్లలో ఒకటే బ్యాటరీ కనబడకుండా పోయింది. ఫోన్ కవర్ల పిల్లగాడు దసరాకు ఊరికి పోతూ తీసుకెళ్లాడు. పన్నెండు రోజుల తర్వాత తెచ్చి ఇచ్చాడు, ఊళ్లో రాత్రి కరెంటు పోతే వెలిగించుకున్నాడట. పన్నెండు రోజుల అద్దె ఇచ్చాడా అని అడిగాను. "సగం ఇచ్చిండు, సగం సజ్జ రొట్టెలు ఇచ్చిండు" అంది.

టమాటా రంగు

బల్బుల విషయంలో నేను పట్టించుకున్నవి వాట్లు, ల్యూమెన్లు. తెల్లగా పాలలా వెలిగే 6500 కెల్విన్ బల్బులు అందరికీ ఇచ్చాను. వారం తిరగకముందే టమాటా బండి ఆయన బల్బు విప్పి ఇచ్చేశాడు. వెలుగు తక్కువేం లేదు. ఆ వెలుగులో టమాటాలు పాలిపోయినట్టు కనబడుతున్నాయని, గిరాకీ పక్క బండికి పోతోందని ఆయన గోల. పక్క బండి మీద దుకాణం వైరుకు పసుపుగా మండే పాత బల్బు ఉంది, దాని కింద అవే టమాటాలు ఎర్రగా మెరుస్తున్నాయి. రెండు బండ్ల మధ్య నిలబడి ఒక టమాటా ఇటు పట్టుకుని, అటు పట్టుకుని చూశాను. నిజమే. పుచ్చపండు ముక్క అయితే ఇంకా తేడా.

ఆకుకూరలకు మాత్రం తెల్ల బల్బే మంచిది, పసుపు బల్బు కింద పాలకూర వాడిపోయినట్టు కనబడుతుంది. ఇది ఆమెకు ముందే తెలుసు, ఏళ్ల తరబడి పాలకూర అమ్మిన మనిషి. చేపల దగ్గర కూడా తెల్లదే. బజ్జీ బండికి పసుపుది, కానీ నూనె పొగ పట్టి వారానికోసారి తుడవాలి, లేకపోతే 9 వాట్ల బల్బు 5 వాట్ల బల్బు అయిపోతుంది. ఇప్పుడు ఆమె దగ్గర రెండు డబ్బాలు ఉంటాయి, ఒక దాని మీద టమాటా బొమ్మ, ఒక దాని మీద ఆకు బొమ్మ. తొమ్మిదో క్లాసు చదివే కూతురు గీసింది.

ఇది నేను పదేళ్లు ప్యానెళ్లు బిగించినా నాకు తెలిసేది కాదు. లోకల్ మనిషి చేతిలో వ్యాపారం ఉండాలని మీటింగుల్లో అంటుంటారు, అది మంచితనం కోసం అనే మాటగా వింటుంటాం. ఇక్కడ చూస్తే అది ఉత్త వ్యాపార అవసరం. నేను నడిపి ఉంటే టమాటా బండ్లన్నీ మొదటి నెలలోనే పోయేవి, ఎందుకు పోయాయో కూడా నాకు అర్థమయ్యేది కాదు.

లాక్‌డౌన్ తర్వాత

2020 మార్చిలో లాక్‌డౌన్. కూరగాయలు అమ్ముకోనిచ్చారు గానీ రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా కర్ఫ్యూ, సాయంత్రం బేరమే లేదు. బ్యాటరీలు ఆమె రేకుల గదిలో సగం దిగినవి సగం దిగినట్టే ఏప్రిల్, మే ఎండల్లో ఉడికాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని చార్జ్ లేకుండా పక్కన పెడితే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది మళ్లీ కరగదు. వారానికోసారి చార్జ్ పెట్టమని నేను ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. నాకూ ఆ రోజుల్లో వేరే టెన్షన్లు, చెప్పలేదు. జూన్‌లో వోల్ట్ మీటర్ పెట్టి చూస్తే పదిహేనింట్లో పదకొండు పోయాయి.

వాటిని ఆమె పాత సామాన్లాయనకు కిలోల లెక్కన అమ్మేసింది. ఆయన సీసం కోసం వాటిని పగలగొట్టి లోపలి యాసిడ్ నాలాలో పోశాడని నాకు తర్వాత తెలిసింది. ఇల్లంతా క్లీన్ ఎనర్జీ అని స్టిక్కర్లు అంటించుకుని చివరికి నాలాలో యాసిడ్ పోయించాం. పాత బ్యాటరీలు రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే చేరాలని రూల్స్ 2001 నుంచే ఉన్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి, రెండూ నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఇప్పుడు పాడైనవి నా వర్క్‌షాప్‌కే వస్తాయి, డీలర్ ద్వారా పంపిస్తాను.

2021 జనవరిలో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకులు, 12 ఏహెచ్, అంటే 150 వాట్-అవర్ల పైచిలుకు. 9 వాట్ల బల్బులు రెండు ఆరు గంటలు వెలిగినా 108, ఇంకా మూడో వంతు దాకా మిగులుతుంది. బరువు కూడా తక్కువ. ఒక్కోటి 4,800 పడింది, ఇరవై తీసుకున్నాం, 96,000. డబ్బు ఎలా వచ్చిందంటే పొదుపు సంఘం గ్రూపు లోన్‌లో ఆమె వాటా 50,000, గొలుసు తాకట్టు పెట్టి 40,000, మిగతాది నేను. ముందు ఒక బ్యాంకుకు వ్యాపార లోన్ అడగడానికి వెళ్లాం. అక్కడి ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు, కానీ దుకాణం ఎక్కడుంది, అగ్రిమెంట్ ఏది అని అడిగాడు. దుకాణం లేదు, సార్, బ్యాటరీలు తిరుగుతుంటాయి అని చెబితే ఆ ఫారంలో రాయడానికి గడి దొరకలేదు. బండికి మీటర్ రానట్టే ఈమెకు లోన్ రాలేదు.

లిథియంతో కొత్త తలనొప్పులు వచ్చాయి. లెడ్ యాసిడ్ అయితే బల్బు మెల్లగా మసకబారి అయిపోవస్తోందని చెబుతుంది. లిథియం ప్యాకులో ఉండే రక్షణ సర్క్యూట్ వోల్టేజీ తగ్గగానే టక్కున కోసేస్తుంది. తూకం వేస్తుండగా చీకటి. రెండు బల్బుల్లో ఒకటి ముందే ఆరిపోయేలా చిన్న రిలే, అంటే తనంతట తానే పడే స్విచ్, పెట్టాం, ఒకటి ఆరిందంటే ఇంకో గంట ఉన్నట్టు లెక్క. ఇది బాగా పని చేసింది.

కనెక్టర్ సంగతి ఇంకా చిన్నది, కానీ దానికే ఎక్కువ డబ్బు పోయింది. మొదట మొసలి క్లిప్పులు పెట్టాం, ఎర్రది ప్లస్, నల్లది మైనస్. బ్యాటరీలు సైకిల్ మీద పంచే పిల్లగాడు, ఆమె మరిది కొడుకు, వర్షంలో గబగబా ఉల్టా తగిలించాడు. చిన్న మెరుపు, కాలిన వాసన, 4,800. అదే వారంలో ఇంకోటి. చార్జింగ్ దగ్గరేమో నిండిన ప్యాకును, ఖాళీ ప్యాకును పక్కపక్కన ఒకే తీగకు కలిపితే నిండిన దాని నుంచి ఖాళీదానిలోకి ఒక్కసారిగా కరెంటు దూకి వైరు తొడుగు కరిగింది. ఇప్పుడు ఒక్కవైపే దూరే పసుపురంగు ఎక్స్‌టీ60 కనెక్టర్లు, ప్రతి ప్యాకుకూ విడిగా ఫ్యూజు, విడిగా చార్జింగ్ లైను. కనెక్టర్ 40 రూపాయలు. మొదటే పెట్టి ఉంటే రెండు ప్యాకులు మిగిలేవి.

ఎండాకాలం రేకుల గదిలో చార్జింగ్ ఆగిపోయేది, ప్యాక్ వేడెక్కితే సర్క్యూట్ కోసేస్తుంది కదా. ర్యాకును పక్కింటి మెట్ల కిందికి మార్చాం. ప్యానెళ్లు కూడా ఆ పక్కింటి స్లాబ్ మీదే ఉన్నాయి, ఎందుకంటే ఆమె రేకులు ఆ బరువు మోయవు. స్లాబ్‌కు నెలకు 800 అద్దె, మెట్ల దగ్గర ఒక బల్బు ఫ్రీ. ప్యానెళ్లు కడగడం నల్లా వచ్చే రోజే, రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ఎక్కువైనా తక్కువైనా అదే టైమ్‌టేబుల్.

డబ్బు ఎంత, సోలార్ ఎంత

2023 చివరికి 38 ప్యాకులు, రోజుకు సగటున 31 బయట ఉంటాయి. అద్దె ఇప్పటికీ 30. నెలలో 27 రోజులు వేసుకుంటే 25,000 చిల్లర. పిల్లగాడికి 9,000, అప్పు వాయిదా 4,500, స్లాబ్ 800, రిపేర్లకు పక్కన పెట్టేది 2,500, కరెంటు బిల్లు సగటున 600. ఆమెకు మిగిలేది 7,700 చుట్టూ, అప్పు తీరితే 12,000 దాటుతుంది. పగలు ఆకుకూరలు ఇప్పటికీ అమ్ముతుంది. రంజాన్ నెలలో బ్యాటరీలు సరిపోవు, తెల్లవారుజాము దాకా బండ్లు నడుస్తాయి. ఆషాఢంలో బోనాలకు కూడా గిరాకీ ఎక్కువే, కానీ అప్పుడే మబ్బులు.

కరెంటు బిల్లు అన్నాను కదా, అది చెప్పాలి. 335 వాట్ల ప్యానెళ్లు నాలుగు కలిపితే 1,340 వాట్లు. హైదరాబాద్‌లో మంచి ఎండ రోజు కిలోవాట్‌కు నాలుగు యూనిట్లు వేసుకోవచ్చు, మొత్తం ఐదు దాటుతాయి. నష్టాలన్నీ పోను ప్యాకులకు కావలసింది నాలుగు. జూలై, ఆగస్టుల్లో వరసగా మబ్బు పడితే సగం కూడా రాదు. మొదట్లో అలాంటి రోజుల్లో ఇంటి ప్లగ్గుకు పెట్టి చార్జ్ చేసేది. ఇంటి మీటర్ మీద వ్యాపారం నడిపితే అది చట్టం ప్రకారం తప్పు, పట్టుబడితే పెనాల్టీ. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది, ఫ్రీ కరెంటుతో అద్దె వ్యాపారం అంటే ఇంకా ఇబ్బంది. అదృష్టం, అంతకు ముందే స్లాబ్ యజమాని సంతకంతో కమర్షియల్ మీటర్ విడిగా తీసుకుంది. ఆ మీటర్ ఆమె పేరు మీదే వచ్చింది. మొదటి బిల్లు ఫ్రేము కట్టించుకుంటానంది, నిజంగా కట్టించలేదు గానీ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాచింది.

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. సోలార్ లేకుండా, ఆ కమర్షియల్ మీటర్ మీదే మొత్తం చార్జ్ చేస్తే? రోజుకు నాలుగు యూనిట్లు, 40 రూపాయలు, నెలకు 1,200. ప్యానెళ్లు, కంట్రోలర్, స్టాండు కలిపి 60,000 దాకా అయ్యాయి. వడ్డీ, మబ్బు రోజుల కరెంటు బిల్లు వదిలేసినా ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్ల పైన. అంటే ఈ వ్యాపారం సోలార్ లేకపోయినా నడిచేది. ప్యానెళ్లు అమ్ముకునే నాకు ఈ మాట రాయడం లాభం కాదు, కానీ లెక్క అలాగే ఉంది. కార్బన్ సంగతి అడిగేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే రోజుకు మిగిలేది మూడు కిలోల లోపు. దాని గురించి స్టేజీ ఎక్కి మాట్లాడనక్కర్లేదు.

కానీ 2019లో ఆమెకు కమర్షియల్ మీటర్ ఎవరిచ్చేవాళ్లు? అప్పుడు అద్దె గదిలో ఉంది, మీటర్ ఇంటాయన పేరు మీద, ఫ్యాన్ రెండు స్పీడుల కంటే పెంచితేనే అడిగేవాడు. పదిహేను బ్యాటరీలు పెడతానంటే ఖాళీ చేయమనేవాడు. ఎండకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. మొదలుపెట్టడానికి పనికొచ్చింది అదే, తర్వాత స్లాబ్ ఇచ్చినాయన కూడా ఏడాది పాటు ఆమె వ్యవహారం చూశాకే మీటర్ కాగితం మీద సంతకం పెట్టాడు.

బోయిన్‌పల్లి మార్కెట్ గురించి తరచూ అడుగుతుంటారు. అక్కడ కూరగాయల చెత్త రోజుకు పది టన్నుల దాకా బయోగ్యాస్‌గా మార్చి ఐదు వందల యూనిట్ల వరకు కరెంటు తీస్తున్నారని 2021 జనవరి చివర్లో ప్రధాని రేడియోలో చెప్పాక అందరికీ తెలిసింది. మంచి పని. అయితే అది ఒక యార్డు, చెత్తంతా ఒక్కచోటే పడుతుంది, ఒక కమిటీ ఉంటుంది, మీటర్ ఉంటుంది. బోరబండ బండ్లకు అవేవీ లేవు. ఇళ్ల మీది సోలార్‌కు వచ్చే పీఎం సూర్యఘర్ పథకం కూడా, మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ అంటారు, సొంత కప్పు, సొంత కనెక్షన్ ఉన్నవాళ్లకు. పక్కింటి స్లాబ్ మీద పెట్టుకున్న ఈమెకు ఒక్క రూపాయి రాలేదు. వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి మాత్రం తిరిగి తిరిగి మా లెక్కలోకి వచ్చింది, ఎలాగంటే ఆ 10,000 లోన్‌తో ముగ్గురు బండివాళ్లు సొంత బ్యాటరీలు కొనుక్కుని ఆమె దగ్గర అద్దె మానేశారు.

నేను కంగారు పడ్డాను. ఆమె పడలేదు. వాళ్లకు చార్జింగ్ ఎక్కడిది? ఇప్పుడు రోజూ పొద్దున వచ్చి ర్యాకులో పెట్టి పోతారు, చార్జ్‌కు 10 రూపాయలు. తూకం వేసే కాంటాల బ్యాటరీలు కూడా అలాగే వస్తున్నాయి, వాటికి 5. ప్యాకు ఆమెది కాదు కాబట్టి పాడైతే ఖర్చు ఆమెది కాదు, లెక్కేస్తే అద్దె కంటే ఇదే నయం. ఇంకో ఇద్దరిని కూడా కొనుక్కోమని ఆమే చెప్పిందని తర్వాత తెలిసింది.

దుకాణాల వైరు ఇప్పుడు 30కి దిగింది. ఆమె రేటుకే. కొందరు రెండూ వాడుతున్నారు.

పోయిన వారం ఫోన్ చేసింది. చెరకు రసం బండి ఆయనకు పెట్రోల్ ఇంజను ఖర్చు ఎక్కువవుతోందట, బ్యాటరీతో నడుస్తుందా అని. మోటార్ ఎంత అన్నాను, అర హెచ్‌పీ సరిపోతుందట. అర హెచ్‌పీ అంటే 373 వాట్లు, చెరకు గడ దూరినప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది, రోజుకు ఎన్ని గ్లాసులు, గడకు ఎన్ని సెకన్లు, అని ఫోన్‌లోనే లెక్క మొదలుపెట్టాను. కాసేపు విని అడ్డుపడింది.

"కాయితం మీద లెక్క చెప్పకు అన్నా. ఒక దినం వచ్చి ఆ బండి కాడ కూసో."

ఆదివారం కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తీసుకుని వెళ్తున్నాను.